మగవాళ్ల నెట్ ఎత్తు

ఎల్లారెడ్డి బస్టాండు ముందు ఫ్లెక్సీ మీద నా ఫోటో వేశారని నాకు మొదట చెప్పింది, ఆ పోటీల్లో నా వల్ల చోటు పోగొట్టుకోబోతున్న మనిషే. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి షేర్ ఆటో నడుపుతాడాయన. పొద్దున కలిసి ఆడుకునే మేమంతా భాయ్ అంటాం. ఆ రోజు పొద్దున గ్రౌండులో బూట్ల లేసులు కట్టుకుంటుంటే వచ్చి, ఫోన్ నా ముఖం ముందు పెట్టాడు.

"జూడు చెల్లె, నువ్వు లీడరయినవ్."

పైన పెద్ద అక్షరాలతో పురుషుల వాలీబాల్ పోటీలు అని ఉంది. కింద కమిటీ వాళ్ల ముఖాలు వరసగా ఉన్నాయి. వాటి పక్కన గుండ్రంగా కత్తిరించిన నా ముఖం. నేను యూనివర్సిటీ జట్టుకు ఆడిన రోజుల ఫోటో అది. ఎక్కడ సంపాదించారో తెలియదు. నా పేరులో ఒక అక్షరం తప్పు పడింది. దాని కింద ఎర్ర రంగులో 'ప్రత్యేక ఆకర్షణ' అని రాశారు.

"నేనింక ఆడుతనని చెప్పనేలేదు గద భాయ్," అన్నాను.

"నువ్వు చెప్పకుంటేంది, ఫ్లెక్సీ చెప్పింది గద," అని నవ్వి, బంతిలో గాలి చూడడానికి వెళ్లిపోయాడు.

నేను కామారెడ్డిలో ఒక ప్రైవేటు బడిలో వ్యాయామ టీచర్ని. వాలీబాల్‌లో నా పని బంతిని నెట్ పక్కన సరైన ఎత్తుకు లేపి, కొట్టేవాడికి అందించడం. మా దగ్గర లిఫ్టర్ అంటారు. యూనివర్సిటీలో ఉన్నప్పుడు నాతో ఆడిన అమ్మాయిలు ఐదుగురూ ఇప్పుడు ఐదు చోట్ల ఉన్నారు. ఒక్కరూ ఆడడం లేదు. పెళ్లయి కామారెడ్డికి వచ్చాక, ఆడవాళ్లతో ఒక జట్టు కట్టాలని నేను తిరగని ఇల్లు లేదు. నలుగురు వచ్చారు, రెండు నెలలకు ఒకరు మిగిలారు, తర్వాత ఆమె కూడా రాలేదు. చేసేది లేక, పొద్దున్నే ఆడుకునే మగవాళ్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మొదట స్కోరు రాయమన్నారు. ఒక రోజు ఒకాయన రాక ఐదుగురే అయ్యారు. అప్పుడు లోపలికి పిలిచారు. అలా ఆరేళ్లు ఆడాను.

అక్కడ నెట్ మగవాళ్ల ఎత్తులో ఉంటుంది. నా ఒక్కదాని కోసం దించమని నేనెప్పుడూ అడగలేదు. ఆడవాళ్ల నెట్‌కు, మగవాళ్ల నెట్‌కు తేడా ఎంతో కాదు, జానెడు కూడా నిండదు. బంతి ఎత్తి పెట్టడానికి ఆ జానెడు నాకు అడ్డం కాలేదు. మణికట్లు ఆరు నెలలు నొప్పి పెట్టాయి, తర్వాత అలవాటయ్యాయి. కానీ ఈ ఆటలో ఎవరూ ఒకే చోట నిలబడరు. సర్వీసు మారినప్పుడల్లా ఒక్కో చోటు జరుగుతూ పోవాలి. మూడు చోట్లు వెనక, మూడు చోట్లు నెట్ ముందు. ముందుకు వచ్చినప్పుడు లిఫ్టర్ కూడా ఎగిరి, అవతలివాడు కొట్టే బంతిని చేతులతో అడ్డుకోవాలి. నా కష్టమంతా ఆ మూడు చోట్లలోనే.

పొద్దుటి ఆటలో అది పెద్దగా తెలిసేది కాదు. అందరూ తెలిసినవాళ్లే. టోర్నమెంటు అంటే వేరు.

పిలుపు ఆ ఫ్లెక్సీ కన్నా ముందే మా కెప్టెన్‌కు వచ్చింది. విత్తనాల దుకాణం నడుపుతాడాయన, నాకన్నా పదేళ్లు పెద్ద.

"నిన్ను తప్పకుండ తీస్కరమ్మంటున్నరమ్మా," అన్నాడు. "మొగోళ్లల్ల ఆడపిల్ల ఆడుతదంటే జనం మస్తు వస్తరట."

"నా ఆట కోసం పిలుస్తున్నరా అన్నా, జనం కోసమా?"

ఆయన కాసేపు నెట్ తాడు బిగించాడు. "రెండూ అనుకోరాదు," అన్నాడు.

ఆలోచించుకుంటానన్నాను. తర్వాత నాలుగు రోజులు నేను ఒక చోట కూర్చున్న గుర్తు లేదు. పొద్దున పోవాలనుకునేదాన్ని, మధ్యాహ్నానికి వద్దనుకునేదాన్ని. బడిలో ఖాళీ పీరియడ్ దొరికితే వెనక గోడ దగ్గరికి వెళ్లేదాన్ని. ఆ గోడ మీద టేపుతో కొలిచి, మగవాళ్ల నెట్ పైఅంచు ఎంత ఎత్తులో వస్తుందో అక్కడ గీత గీశాను. వేళ్లకు చాక్‌పీసు పొడి రాసుకుని ఎగిరి గోడను తాకేదాన్ని. ప్రతిసారీ వేళ్లే గీత దాటేవి, అరచెయ్యి కిందే ఉండిపోయేది. రెండడుగులు వెనక్కి వెళ్లి పరుగెత్తి ఎగిరినా అంతే. మూడో రోజుకు ఆ గోడ నిండా తెల్లటి వేలిముద్రలు. బడి ఆయా చూసి, "టీచరమ్మా, ఏం దేవులాడుతున్నవ్ గోడ మీద?" అంది. గీత చెరిపేసి వచ్చాను.

శుక్రవారం మా అన్న ఫోన్ చేశాడు. దుబాయిలో ఒక గోల్ఫ్ గ్రౌండులో గడ్డి పని చేస్తాడు. వెళ్లిన కొత్తలో ఊళ్లో అందరూ గల్ఫ్‌లో గోల్ఫ్ ఏందిరా అని నవ్వేవారు. ఇప్పుడు ఆ ఆట గురించి మా తాడ్వాయి మండలంలో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. శుక్రవారం సెలవు రోజు కాబట్టి తీరిగ్గా మాట్లాడతాడు. సంగతి చెప్పాను.

"వద్దే," అన్నాడు వెంటనే.

"ఎందుకు వద్దు? మొగోళ్లతోని రోజూ ఆడుతనే ఉన్న గద."

"అందుకు గాదు. ఇక్కడ గిట్లనే ఒకామెను పిలిచిన్రు. మస్తు పేరున్న ఆటగత్తె. మొగోళ్ల పోటీల ఆడుమన్నరు. గోల్ఫ్‌ల ఆడోళ్లు కొట్టెటందుకు ముందట ఒక గుర్తు పెడుతరు, మొగోళ్ల గుర్తు ఎనక ఉంటది. ఆమె గూడ ఎనక నుంచే కొట్టింది. మొదటి రోజు జనం జనం గాదు, అందరు ఆమె ఎంబడే. మిగిలినోళ్ల దిక్కు జూసినోడు లేడు."

"ఎట్ల ఆడింది?"

"ఆట నాకేం దెలుసే, నేను గడ్డి జూస్త. కొట్టినప్పుడు గడ్డి పెళ్ల లేస్తది. పొద్దుగూకంగ మేము పోయి ఆ గుంతలల్ల ఇసుక పోస్తం. మొగోళ్ల గుంతలన్ని ఒక్కకాడ గుంపు లెక్క ఉన్నయి. వాటి ఎనక మస్తు దూరంల ఒక్కటే ఒక్క గుంత. అది ఆమెది. అంటే మొగోళ్ల బంతి పడ్డకాడికి ఆమె బంతి రాలె. గని అక్కడికెల్లి, బంతి వేసే బొక్క కాడి జెండా దగ్గరికి కొట్టుడుల మాత్రం ఆమెనే నయమట. మా సూపర్‌వైజర్ చెప్పిండు."

"మరి గెలిచిందా?"

"ఎక్కడిది? రెండు రోజులకే ఆగిపోయింది. మూడో రోజుకు కొందరినే ఉంచుతరు, ఆమె అండ్ల లేదు. జనం గూడ ఆ రోజే పోయిన్రు. ఒకడు అలిగిండట, నాకు రావల్సిన చోటు ఆమెకిచ్చిన్రని. వాడన్నదాంట్ల తప్పున్నదా?"

తప్పుందో లేదో నాకు అర్థం కాలేదు. ఆమెకు ఆ చోటు ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, ఆమె అడిగిందా, వాళ్లే పిలిచారా అని వరసపెట్టి అడిగాను. అన్న విసుక్కున్నాడు. "నేను ఇసుక పోసెటోన్ని," అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆ ఒక్క గుంతే నా కళ్ల ముందు ఆడింది. అంత వెనక నుంచి కొట్టి కూడా జెండాకు దగ్గరగా వేసిందంటే ఆమె ఆడగలిగినట్టా, ఆడలేనట్టా?

మా ఆయన్ని అడిగితే, "నువ్వు పోయేదైతే నేను వద్దంటే ఆగవు, పోనిదైతే పొమ్మన్నా పోవు," అని తప్పించుకున్నాడు.

చివరికి, ఎందుకు పిలిస్తేనేం, ఆడేది నేనే కదా అనుకున్నాను. శనివారం పొద్దున కెప్టెన్‌కు సరేనన్నాను. ఆయన అందరి ముందే భాయ్ వైపు తిరిగి, "భాయ్, ఈసారి నువ్వు ఎక్స్‌ట్రా ఉండు," అన్నాడు. మా జట్టుకు పన్నెండేళ్లుగా లిఫ్టర్ భాయే. ఆయన ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. "సరే," అని, గోడవతల పడ్డ బంతి తేవడానికి వెళ్లాడు. అరిచినా బాగుండేది.

అది ఫిబ్రవరి నెల, ఆదివారం. భాయ్ ఆటోలోనే బయలుదేరాం. వెనక నలుగురు, ముందు భాయ్‌కి చెరో పక్క ఒకరు, మిగిలినవాళ్లు బండ్ల మీద. తాడ్వాయి దాటాక రెండు పక్కలా కొత్తగా నాట్లు పడ్డ పొలాలు, వాటిలో కొంగలు. ఆటోలో అందరూ పాటలు పెట్టుకున్నారు. నేను మాత్రం బయటికి చూస్తూ, నా చేతి వేళ్లు ఒకటొకటిగా విరుచుకుంటూ కూర్చున్నాను. ఎదురుగా అద్దంలో భాయ్ కళ్లు కనిపించినప్పుడల్లా చూపు తిప్పుకున్నాను.

గ్రౌండులో ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి చోటు లేదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. కమిటీ ఆయన తల గోక్కుని, గ్రౌండు వెనక ఒక ఇంటికి పంపాడు. అరుగు మీద ఒక ముసలామె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. లోపల బట్టలు మార్చుకుని బయటికి వస్తే, నన్ను కిందికీ మీదికీ చూసింది.

"మొగోళ్లతోని ఆడుతవా బిడ్డా?"

"అవునవ్వా."

"గట్టిగ కొడుతరు గద. తాకదా?"

"తాకుతది. అలవాటయింది."

"ఎందుకు మరి?" అంది. ఎగతాళి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఆడవాళ్లు ఎవరూ దొరకలేదు అవ్వా అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక, అదే నా కారణమైతే ఇంత దూరం రావలసిన పని లేదు కదా అనిపించింది.

మొదటి మ్యాచ్‌కు జనం నిజంగానే వచ్చారు. ప్రహరీ గోడల మీద, ట్రాక్టర్ల మీద, చెట్ల మీద కూడా ఉన్నారు. మైకు పట్టుకున్న కమిటీ ఆయన నా చెయ్యి బంతికి తగిలినప్పుడల్లా "ఆడబిడ్డ ఆట చూడుండ్రి!" అని అరిచాడు. కొట్టినవాడి గురించి ఒక్క మాట లేదు. అవతలి జట్టు వాళ్లు నేను నెట్ ముందుకు వచ్చినప్పుడు నా వైపు కొట్టలేదు. కొట్టినా చేత్తో తోసినట్టు మెల్లగా వేశారు. ఒకడైతే నా చేతికి బంతి తగిలిందని రెండు చేతులూ జోడించి సారీ చెప్పాడు. జనం నవ్వారు. మేము రెండు సెట్లూ గెలిచాం. పాయింటు వచ్చినప్పుడల్లా మావాళ్లు చేతులు కలుపుతుంటే, నా ఒళ్లు మండిపోయింది.

మంచినీళ్ల కోసం ఆ ఇంటికి వెళ్లాను. అవ్వ చాటతో సహా గోడ దగ్గరికి వచ్చి నిలబడి ఆట చూసిందట. గ్రౌండు వెనకే ఇన్నేళ్లుగా ఉంటున్నా ఆట చూడడం అదే మొదలు అంది. చెంబు నా చేతికిచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"నిన్ను జూసి వాళ్లు మెల్లగ కొట్టిన్రు గద బిడ్డా?"

ఆట గురించి ఏమీ తెలియని మనిషికి కూడా అది కనిపించింది. సగం నీళ్లతోనే చెంబు తిరిగి ఇచ్చేశాను.

రెండో మ్యాచ్ మధ్యాహ్నం. ఎదుటివాళ్లు పోలీసు ఉద్యోగాల కోసం పరుగులు తీస్తున్న కుర్రవాళ్లు. ఒక్కొక్కడు తాటిచెట్టులా ఉన్నాడు. టాస్ అయ్యాక వాళ్ల కెప్టెన్ నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, మేము మెల్లగ కొట్టం. ఏమనుకోకు."

"మెల్లగ కొడితేనే అనుకుంట తమ్మీ," అన్నాను. రోజంతటిలో నాకు సంతోషం కలిగింది అప్పుడొక్కసారే.

మొదటి సెట్ నా చేతిలో ఉన్నట్టే సాగింది. ఒక బంతి ఎత్తుగా, ఒకటి నెట్ అంచున తక్కువ ఎత్తులో, ఒకటి వెనక్కి తల మీదుగా వేశాను. ఎటు వేస్తానో వాళ్లకు అందలేదు. వాళ్లు ఇటు ఎగిరితే మావాడు అటు కొట్టాడు. ఆ సెట్ గెలిచాం. నెట్ ఎత్తు సంగతే నేను మరిచిపోయాను.

రెండో సెట్లో వాళ్లు మరిచిపోలేదు. నేను ముందు వరసలోకి వచ్చిన ప్రతిసారీ బంతి నా ముందుకే వచ్చింది. నేను ఎగురుతాను, నా వేళ్లు నెట్ దాటుతాయి, బంతి ఆ వేళ్ల మీదుగా వెళ్లి మా వెనక పడుతుంది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. వెనక వరసలో ఉన్నప్పుడు కూడగట్టిన పాయింట్లన్నీ ముందుకు రాగానే పోయాయి. సెట్ పోయింది.

మూడో సెట్ పదిహేను పాయింట్లకే. అందరం గుండ్రంగా నిలబడ్డాం. బెంచీ దగ్గర భాయ్ లేచి, చేతులు తిప్పుతూ ఒళ్లు వేడి చేసుకుంటున్నాడు. ఆరడుగుల మనిషి. నెట్ మీద ఆయన అరచేతులు మణికట్ల దాకా వస్తాయి. కెప్టెన్ ఆయన వైపు చూశాడు. తర్వాత గోడల మీది జనం వైపు, మైకు వైపు చూశాడు. చివరికి నన్ను చూశాడు.

"ఏం జేద్దామమ్మా?"

ఆ ప్రశ్నకు నిజమైన జవాబు నాకు తెలుసు. నేను వెనక ఉన్నప్పుడు ఆడి, ముందుకు వచ్చే వేళకు భాయ్‌ను దింపవచ్చు. నియమాలు ఒప్పుకుంటాయి. కానీ నేను బయటికి నడిస్తే ఈ జనమంతా ఏమంటుందో నాకు ముందే వినిపించింది.

"నేనే ఉంట," అన్నాను.

పదమూడు పదమూడు దాకా వచ్చాం. నేను నెట్ ముందుకు వచ్చాను. మొదటి బంతి నా వేళ్ల మీదుగా వెళ్లింది. రెండోది నా చిటికెన వేలిని వెనక్కి విరిచి, గ్రౌండు బయట పడింది. అంతే.

ఓడినందుకు ఎవరూ నన్ను ఏమీ అనలేదు. పైగా కమిటీ వాళ్లు నన్ను మైకు దగ్గరికి పిలిచి శాలువా కప్పారు. గెలిచిన కుర్రవాళ్లు చెమటలు కారుతూ ఒక పక్కన నిలబడి చప్పట్లు కొట్టారు. వాచిన వేలును రెండో చేత్తో పట్టుకుని, ఫోటో తీసేవాడు ఇటు చూడండంటే చూశాను.

తిరుగు ప్రయాణంలో పాటలు లేవు. కామారెడ్డిలో ఒక్కొక్కరే దిగారు. మా వీధి మలుపు అందరికంటే చివర వచ్చింది. నేను దిగి, వెళ్లకుండా ఆటో పక్కనే నిలబడ్డాను.

"భాయ్, నిజం చెప్పు. చివరి సెట్ల నువ్వుంటే గెలుస్తుంటిమా?"

ఆయన ఇంజను ఆపాడు. "నేనుంటే ఆ రెండు బంతులు ఆపుతుంటి కావచ్చు. గని మొదటి సెట్ల నువ్వెత్తినట్టు నేనెత్తకపోతుంటి. లెక్క ఎటు తేలుతదో నాకేం దెలుసు చెల్లె?"

"నా మీద కోపం లేదా?"

"నీ మీదెందుకు?" ఆయన హ్యాండిల్ మీద వేళ్లతో కొట్టాడు. "నువ్వు నాకన్న మంచిగ ఆడి, నన్ను తీసేస్తే నేను ఇంటికి పోయి అన్నం తిని పండుకుంటుంటి. గని మనిద్దరిల ఎవరు మంచిగ ఆడుతరని ఎవ్వలన్న జూసిన్రా? నీ ఫోటో జూసిన్రు. గదే నాకు మింగుడు పడ్తలేదు."

నాకూ మింగుడు పడనిది అదేనని ఆయనతో చెప్పలేదు. శాలువా సంచిలో కుక్కి ఇంటికి నడిచాను.

పది రోజులు గ్రౌండుకు పోలేదు. వేలికి కట్టు ఉందని అందరికీ చెప్పాను. బడిలో పిల్లలను వరసలో నిలబెట్టి, ఏ ఆట ఆడించాలో తేల్చుకోలేక మళ్లీ మళ్లీ పరుగెత్తించాను. నేను చేసింది మోసమా, ధైర్యమా? నన్ను పిలవకపోతే ఆడేదాన్ని కాదు, పిలిస్తే ఇలా పిలిచారు. ఆడవాళ్లు మగవాళ్ల పోటీల్లో ఆడకూడదని ఎవరైనా అంటే కొట్లాడతాను. ఆడి తీరాలని ఎవరైనా అంటే, నా వేళ్ల మీదుగా పోయిన ఆ బంతులు గుర్తొచ్చి నోరు మూతపడుతుంది. అన్న మళ్లీ ఫోన్ చేస్తే అంతా చెప్పాను.

"నేను ముందే చెప్పలేదా? ఆమె గూడ మల్ల ఎప్పుడు రాలె," అన్నాడు.

"పిలవలేదా, పిలిచినా రాలేదా?"

"అది నేనెట్ల చెప్తనే?"

నా సంగతి కూడా ఇలాగే ఎవరికీ తెలియకుండా పోకూడదని మర్నాడే గ్రౌండుకు వెళ్లాను. అందరూ ఉండగానే కెప్టెన్‌తో చెప్పాను. "వచ్చే ఏడు మల్ల పిలుస్తరు అన్నా. అప్పుడు భాయ్‌కు, నాకు పోటీ పెట్టుండ్రి. మూడు ఆదివారాలు. ఇద్దరం చెరో జట్టుకు ఎత్తుతం. ఎవరు నయమైతే వాళ్లే లిఫ్టర్. ఫ్లెక్సీ మీద నా ఫోటో ఉండొద్దు."

కెప్టెన్ భాయ్‌ని చూశాడు. భాయ్ తల ఊపాడు. "ఇగ ఇది ఆట," అన్నాడు.

మరుసటి ఏడు పిలిచారు. ఫోటో వద్దని నేనే ఫోన్ చేసి చెప్పాను. "మరి మీరొచ్చి ఏం ఫాయిదా మేడం?" అన్నాడు కమిటీ ఆయన. కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. పోయిన ఏడాది నేను ఏమిటో ఆ మాటలో సాఫుగా తెలిసింది.

మూడు ఆదివారాలు ఆడాం. మొదటిది నాది. రెండోది భాయ్‌ది, నాకే సందేహం లేదు. మూడో ఆదివారం రెండు సెట్లు చెరొకటి గెలిచి, మూడోది తక్కువ తేడాతో పోగొట్టుకున్నాను. నెట్ మీద అడ్డుకున్నవి ఆయనకు ఎక్కువ, ఎత్తినవాటిలో కొట్టేవాడికి సరిగ్గా అందినవి నాకు ఎక్కువ. అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. కెప్టెన్ నా ముందుకొచ్చి, నా ముఖం చూస్తూనే, "భాయ్ ఆడుతడమ్మా, నువ్వు ఎక్స్‌ట్రా," అన్నాడు.

"సరే," అన్నాను. అంత తొందరగా ఆ మాట అనడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మూడో ఆదివారం నాదేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఎవరితోనూ అనలేదు.

ఎక్స్‌ట్రాగానే ఎల్లారెడ్డి వెళ్లాను. జనం పోయినేటి కన్నా తక్కువ. మైకు ఆయన నా వైపు చూడలేదు. మొదటి మ్యాచ్ మొత్తం బెంచీ మీదే ఉన్నాను. రెండో మ్యాచ్‌లో, సర్వీసు సరిగ్గా చేయలేని మావాడొకడు వెనక వరసకు రాగానే, కెప్టెన్ వేలితో సైగ చేశాడు. రెఫరీ విజిల్ వేశాడు. నేను గీత దగ్గర నిలబడి, లోపలికి వెళ్లాను. మైకులో నా నంబరు ఒక్కటే చెప్పారు.

నాలుగు సర్వీసులు చేశాను. మొదటి రెంటికీ పాయింట్లు వచ్చాయి. మూడోసారి వాళ్లు బంతి లేపి, పొడుగాటి వాడొకడు నా మీదికే పూర్తి బలంతో కొట్టాడు. వంగి ముంజేతులతో అడ్డుకున్నాను. బంతి పైకి లేచి భాయ్ చేతుల్లోకి పోయింది. ఆయన ఎత్తాడు, మావాడు కొట్టాడు. ఆ పాయింటూ మాదే. నాలుగో సర్వీసు నెట్‌కు తగిలి ఇటే పడింది. తర్వాత నేను ముందుకు రావలసిన వంతు వచ్చేసరికి కెప్టెన్ మళ్లీ సైగ చేశాడు. బయటికి వచ్చాను. జనంలో ఎవరూ ప్రత్యేకంగా ఏమీ అనలేదు. ముంజేతులు ఎర్రగా కంది మంట పుడుతుంటే బెంచీ మీద కూర్చున్నాను. కూర్చోలేకపోయాను. లేచి అటూ ఇటూ తిరుగుతుంటే కెప్టెన్ లోపల్నుంచే, "కూసో అమ్మా, నాకు నిన్ను జూస్తెనే పరేషానైతుంది," అని అరిచాడు.

ఆ మ్యాచ్ గెలిచాం. తర్వాతది ఓడాం. ఆ ఓటమిలో నా పాత్ర లేదు, ఆ గెలుపులో కొంచెం ఉంది. అయినా ఏ మ్యాచ్ తర్వాతా నా మనసు నిలకడగా లేదు. ఆడవాళ్లకు సొంత జట్టు, సొంత నెట్ ఉండాలి. అది ఉన్నాక కూడా, ఎవరికైనా ఆ జానెడు దాటి చూడాలనిపిస్తే దారి ఉండాలి. ఆ దారి బొమ్మ కోసం కాకుండా ఆట కోసం ఉండాలి. ఇంతవరకు గట్టిగా చెప్పగలను. దీని తర్వాత ఏం చెప్పాలో నాకు తెలియదు.

తర్వాతి ఆదివారం అందరికంటే ముందే గ్రౌండుకు వెళ్లాను. భాయ్ ఆటో ఒక మూల ఆపి, దిగి ఒళ్లు విరుచుకుంటున్నాడు.

"భాయ్, వచ్చే ఏటికి పోటీ ఈ రోజుకెల్లి షురూ జేద్దామా?"

"ఇంక ఏడాది ఉంది గద చెల్లె! కొంచెం దమ్ము తీసుకోనియ్యి."

"ఉండనీ. నువ్వు అటు దిక్కు నిలబడు," అన్నాను.